తల మీద జానెడు

…అలా చూస్తే హ్యాండిల్ అనేది తలుపుకు సంబంధించిన వస్తువు కానే కాదు, అది చేతికి సంబంధించినది, తలుపు దాన్ని ఊరికే మోస్తుందంతే, చెయ్యి ఎక్కడుంటే హ్యాండిల్ అక్కడుండాలి, మరి ఆ చెయ్యి ఎవరిది, ఆ చెయ్యిగలవాడు నేల నుంచి ఎంత ఎత్తు దాకా ఉంటాడు, అనుకుంటూ ఆర్కిటెక్టు బల్ల అంచును వేలితో నిమురుతూ ఉండగా అధ్యక్షులవారు స్వాగతోపన్యాసం ముగించి మంచినీళ్ళు తాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆర్కిటెక్టు కూడా కొట్టాడు. ఎందుకు కొట్టాడో అతనికి తెలియదు. ఆ గదిలో ఎవరికీ తెలియదు కాబట్టి ఇబ్బంది కలగలేదు.

సంగతేమిటంటే, ఆ పేటలో ఒక ప్రాథమిక పాఠశాల, దాన్ని ఆనుకుని ఉద్యోగాలకు వెళ్ళే తల్లిదండ్రుల పసిపిల్లల కోసం ఒక డేకేర్, రెండూ ఒకే కప్పు కింద కట్టాలని పెద్దలు తీర్మానించారు. స్థలం దొరికింది. స్థలం దొరికితే కమిటీ దానంతటదే మొలుస్తుంది. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన అధికారి దానికి ఏకగ్రీవంగా అధ్యక్షులయ్యారు. దొంగ రాళ్ళు, సొట్ట కొలపాత్రలు, సాగదీసిన టేపులు ఆయన కంటి నుంచి తప్పించుకున్న పాపాన పోలేదు. ఆయన బజారులో అడుగుపెడితే త్రాసులు భయంతో సమంగా నిలబడేవట. ఒక బడికి ఇంతకన్నా నిఖార్సైన మనిషి దొరకడని అందరూ సంతోషించారు.

ప్లాను గీసే పని మన ఆర్కిటెక్టుకు దక్కింది. పనిమంతుడే. అతని లోపమల్లా ఒకటే, ఏదైనా ప్రశ్న తలలో దూరితే అది గూడు కట్టి గుడ్లు పెట్టేదాకా అతనే కాపలా కాస్తాడు. ఈసారి దూరిన ప్రశ్న చిన్నదే: పిల్లవాడు ఎంత ఎత్తుంటాడు? బడిలో ప్రతిదీ ఆ ఒక్క జవాబు మీదే నిలబడుతుంది. తలుపు హ్యాండిల్, కుళాయి, కిటికీ, మెట్టు, సంచి తగిలించే కొక్కెం, ఆఖరికి కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనవలసిన మరుగుదొడ్డి కూడా. పెద్దల ఎత్తు పుస్తకాల్లో ఉంటుంది. పిల్లల ఎత్తు పిల్లల దగ్గర ఉంటుంది.

పైగా ఇందులో అతని ఇంటి గొడవ కూడా ఉంది. అతనికి నాలుగేళ్ళ కూతురు. ఏ చోటా కుదురుగా వాలదని పిచ్చుక అంటారు. భార్యది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పిల్ల కోసం పెట్టిన సెలవు పొడిగించి పొడిగించి ఇక సాగని స్థితికి వచ్చింది.

"బడి తెరిచిన రోజు పొద్దున్నే నేను డ్యూటీలో ఉండాలి. లేకపోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు," అని ఆమె ముందే చెప్పేసింది. "మీరు బడే కడతారో, కోటే కడతారో నాకనవసరం. ఆ రోజు పిల్ల లోపలుండాలి. అంతే."

అందుకే చప్పట్లు ఆగగానే ఆర్కిటెక్టు లేచి, గొంతు సవరించుకుని, తన జీవితంలో అత్యంత సాధారణమైన ప్రతిపాదన చేశాడు.

"పేటలో పిల్లల్ని ఒక సాయంత్రం పిలిచి, గోడకు నిలబెట్టి, ఒకసారి కొలుద్దామండీ."

అధ్యక్షులవారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశారు.

"కొలుస్తారా? పిల్లల్నా?" అంది తల్లిదండ్రుల ప్రతినిధి. ఆమె పళ్ళ డాక్టరు. "వాళ్ళేమైనా బట్టల తానులనుకున్నారా, మూరేసి చూడటానికి?"

అధ్యక్షులవారు చెయ్యెత్తి ఆమెను శాంతపరిచారు. "బాబూ, నేను సర్వీసంతా కొలిచినవాణ్ణి. అనుభవంతో చెబుతున్నా. కొలిస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఎక్కువ రాగా ఒక్కసారి కూడా చూడలేదు నేను. కందిపప్పు దగ్గర ఆ బాధ పడ్డాం, చాలు. పసిపిల్లల దగ్గర కూడా ఎందుకు?"

కమిటీలో ఒక మనస్తత్వ నిపుణుడు కూడా ఉన్నారు. పిల్లల మనసు మీద ఆయన రాసిన గ్రంథం దిండులా ఉంటుంది. పిల్లలు పక్కనుంటే ఏకాగ్రత కుదరదని దాన్ని వేరే ఊళ్ళో ఉండి రాశారు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. అంటే ఉపన్యాసం ఉంది.

"ఎత్తు శరీరానికి సంబంధించిన విషయమనుకోవడం పాతకాలపు పొరపాటు. ఎత్తు ఒక మానసిక స్థితి. పిల్లవాడు తన తల దగ్గర ఆగిపోడు, తల్లిదండ్రుల ఆకాంక్ష దగ్గర ఆగుతాడు. మనం కట్టవలసింది ఆ పిల్లవాడికి. గోడకు నిలబెట్టి, ఇదిగో నువ్వు ఇంతే అని గీత గీస్తే ఆ గీత వాడి మనసు మీద పడుతుంది. ఆ తర్వాత ఏ రబ్బరూ దాన్ని చెరపలేదు."

పళ్ళ డాక్టరమ్మ కళ్ళు చెమర్చాయి. పిల్లల్ని కొలవరాదనీ, వారి ఎత్తు మొదలైన వివరాలు తల్లిదండ్రులనే అడిగి తెలుసుకోవాలనీ తీర్మానం జరిగింది. కన్నవారికన్నా ఎవరికి తెలుసు?

ఇది నిజానికి చాలా న్యాయమైన ప్రశ్న. ఆర్కిటెక్టుకు కూడా అలాగే అనిపించింది. అనిపించి కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం అద్దె హాల్లో తల్లిదండ్రుల సభ. పిల్లల్ని తీసుకురావద్దని ముందే ప్రకటించారు, అల్లరి చేస్తారని. పద్ధతి చాలా సులువు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, తమ బిడ్డ తల ఎక్కడికొస్తుందో గాలిలో అరచెయ్యి పెట్టి చూపాలి. ఆర్కిటెక్టు రాసుకోవాలి.

పళ్ళ డాక్టరమ్మ మొదట వచ్చి నడుం దగ్గర చెయ్యి పెట్టింది. హాలు వైపు ఒకసారి చూసి, ఇంకొంచెం పైకి జరిపింది. తర్వాత వచ్చిన డ్రైవింగ్ స్కూలాయన ఆ చెయ్యి చూశాడు కాబట్టి తన చెయ్యి ఛాతీ దగ్గర పెట్టాడు. "మావాడు వయసుకు మించిన పొడుగండీ. బస్సులో టిక్కెట్టు దగ్గర రోజూ గొడవే." ఆ తర్వాతి తల్లి భుజం దాకా వెళ్ళింది. వేలంపాట ఎలా సాగుతుందో చూసినవారికి ఈ సభ గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఎవరూ కింద నుంచి మొదలుపెట్టలేదు, వెనకటివారి చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకున్నారు. ఇస్త్రీ షాపాయన కాస్త పొట్టిమనిషి. అతను కుర్చీ ఎక్కి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. కుర్చీ ఎత్తును మినహాయించాలా అని ఆర్కిటెక్టు అడిగితే, మధ్యలో కుర్చీ పేరెత్తి అతని పిల్లవాణ్ణి అవమానించవద్దని పెద్దలు మందలించారు.

చివరికి ఆర్కిటెక్టు వంతు వచ్చింది. అతనూ ఒక తండ్రే కదా.

నిజం చెప్పాలనే లేచాడు. పిచ్చుక ఎంతుంటుందో అతనికి బాగా తెలుసు. పొద్దున అతను షూ లేసులు కట్టుకోవడానికి వంగితే పిల్ల ముక్కు, అతని ముక్కు ఎదురుబొదురుగా ఉంటాయి. చెయ్యి చాపాడు. తొడ దగ్గర మొదలైన చెయ్యి అక్కడ ఆగలేదు. నిదానంగా, నీళ్ళలో వదిలిన బెండులా తేలుతూ పైకి వచ్చింది. నడుం దాటింది. అతను దాన్ని వేరెవరి చెయ్యో చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు. అది ఎవరి చెయ్యో కూడా అప్పుడే తెలిసింది. అది వాళ్ళమ్మ చెయ్యి.

అతని చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అమ్మ "మావాడు అప్పుడే ఇంత అయిపోయాడు" అంటూ అతని తల మీద చెయ్యి పట్టేది. తల మీద కాదు. తలకు పైన. ఆ అరచేతికీ అతని జుట్టుకీ మధ్య ఎప్పుడూ జానెడు ఖాళీ ఉండేది. అక్కడ గాలి ఆడేది. వచ్చినవాళ్ళు అతన్ని చూడకుండా ఆ చేతిని చూసి మెచ్చుకునేవారు. ఆ జానెడూ నింపడానికే అతను ఎదిగాడు, చదివాడు, ఫస్టు వచ్చాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఎంత ఎదిగినా చెయ్యి కూడా అంతే పైకి లేచేది. ఈ వయసు వచ్చినా అతని తల ఇంతవరకు ఆ చేతికి తగల్లేదు.

"శభాష్," అన్నారు అధ్యక్షులవారు. ఆర్కిటెక్టు చెయ్యి గడ్డం దగ్గర ఆగి ఉంది. అతను దాన్ని చూసి, నిజాయితీగా రాసుకున్నాడు.

ఎత్తు అయ్యాక మిగతా వివరాలు. మీ పిల్లలు ఏడుస్తారా? హాలంతా నవ్వులు. మధ్యాహ్నం నిద్రపోతారా? మావాడా, పగలు కన్నార్పడు. పక్క తడుపుతారా? ఈ ప్రశ్నకు ఒక తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేల మీద పాకుతారా, మట్టిలో ఆడతారా, ఇంటికి పోతానని మారాం చేస్తారా, చీకటంటే భయపడతారా? పేటలో అలాంటి పిల్లలు ఉన్నట్టు ఎవరూ వినలేదు. పక్క పేటలో ఉంటారేమో అన్నారు.

ఈ సమాచారం మీద ప్లాను తయారైంది. ఆర్కిటెక్టు మొదట గీసిన ప్లానులో మధ్యాహ్నం పడుకునే గది ఒకటి ఉండేది. ఎవరూ పడుకోరు కాబట్టి అది స్వాగత మందిరమైంది. ఏడుపొచ్చిన పిల్లలు కాసేపు కూర్చుని తేరుకునేందుకు కిటికీ పక్కన ఒక మూల ఉండేది. అందులో జ్ఞాపికలు పెట్టే అద్దాల బీరువా వచ్చింది. ఇసుక గుంట తీసేసి జెండా కర్ర నాటారు. మెట్ల పక్కన పిల్లల చేతికందే రెండో కమ్మీ ఉండేది, పడని పిల్లలకు పట్టుకునేది ఎందుకని తొలగించారు. డేకేర్ పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఏడవని, నిద్రపోని, తడపని, పాకని, అమ్మను అడగని పసిపిల్లలకు ఏం కావాలో ఏ పుస్తకంలోనూ లేదు. బాగా ఆలోచించి మనస్తత్వ నిపుణుడు దానికి గోష్ఠి మందిరం అని పేరు పెట్టారు. చేతులున్న కుర్చీలు, ఒక మైకు అమర్చారు.

గోడలకు పాలరాయిలా మెరిసే తెల్లరంగు వేయించాలని అధ్యక్షులవారి కోరిక. గోడకు ఏ మాత్రం మరక, గీత, చేతిముద్ర పడినా సదరు విద్యార్థి ప్రవేశం రద్దని గేటు దగ్గర ఫలకం చెక్కించారు. బడికి పునాది కన్నా ముందు ఆ ఫలకమే లేచింది.

కుళాయిలు బిగించే రోజు మేస్త్రి తల గోక్కుంటూ వచ్చాడు. ఆర్కిటెక్టు గుండెలో చిన్న ఆశ మెదిలింది. వీడైనా అడుగుతాడు, ఇంత ఎత్తున ఏమిటని.

"సార్, ఏమనుకోకపోతే ఒక మాట. ఈ కుళాయి మరీ కిందకైపోయింది. మావాడు నీళ్ళు తాగాలంటే నడుం విరుచుకోవాలి."

మేస్త్రి దాన్ని ఇంకో బెత్తెడు పైకి జరిపించాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కుళాయి సంగతీ, దాని వెనక సభలో చేతుల సంగతీ విని భార్య కంచం పక్కకు నెట్టింది. "మీరూ చెయ్యెత్తారా? గడ్డం దాకా? దాని తల మీ గడ్డానికి తగలాలంటే స్టూలెక్కాలి."

"అందరూ ఎత్తారు," అన్నాడు.

"అందరూ వేరు. వాళ్ళు బడి కట్టట్లేదుగా. ఏమండీ, నా సెలవు ఈ నెలతో సరి. పిల్లని ఎక్కడ దింపను? మీ ప్లానులోనా?"

"నువ్వూరుకోవే అమ్మాయ్," అంది ఆర్కిటెక్టు తల్లి. "వాడు తప్పేం చెప్పాడని? బడి తెరిచేసరికి మా పిచ్చుక తాడిచెట్టంత అవుతుంది. వీడు మాత్రం? ఎనిమిదో నెలలోనే పరుగెత్తాడు. నడక తర్వాత నేర్చుకున్నాడు."

"అత్తయ్యా, మీ అబ్బాయి పాకాడా, పాకలేదా? నిజం చెప్పండి."

"పాకడమా? మా ఇంటావంటా లేదు."

పిచ్చుక అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని అందరి మొహాలూ చూసి, "నాన్నా, నేను ఎంతున్నాను?" అని అడిగింది. అతను అలవాటుగా చెయ్యెత్తి చూపించాడు. పిల్ల ఆ చేతి వంక చూసింది. మునివేళ్ళ మీద లేచింది. ఎగిరింది. అందలేదు. మళ్ళీ ఎగిరింది. నాన్నమ్మ మురిసిపోయింది. "చూశావా, ఎంత పట్టుదలో! మడమలెత్తు తల్లీ, ఇంకా ఎత్తు, అదీ!"

అతని నోట్లో ముద్ద ఎందుకో దిగలేదు. నీళ్ళు తాగితే దిగింది. చాలా విషయాలు నీళ్ళు తాగితే దిగుతాయి.

ఇన్నాళ్ళూ భవనం లేస్తున్న కొద్దీ పేటలో కంగారు కూడా లేచింది. పైకి ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఏ వీధిలో చూసినా కిటికీ ఊచలకు పిల్లలు ఉతికి ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నారు. సాగుతారని. చెప్పుల షాపులో మందపాటి అట్టల బూట్లు వచ్చిన గంటలోనే అయిపోయేవి. తల మీద జుట్టు నిలువుగా నిలబెట్టే మంగలికి చేతినిండా పని. ఇస్త్రీ షాపాయన, కొడుకు పడుకున్నప్పుడు వాడి కాళ్ళకు ఇటుకలు కట్టాడని పుకారు. అడిగితే, ఇటుకలే వాడి కాళ్ళను పట్టుకున్నాయన్నాడు. ఒక్కరు కూడా కమిటీ దగ్గరకు వెళ్ళి, అయ్యా, మావాడు నేను చెప్పినంత లేడు అనలేదు. అది ఒకరు ముందు అంటే తామూ అందామని ప్రతివారూ మర్యాదగా ఎదురు చూశారు. మర్యాద మన పేటల్లో చాలా ఎక్కువ.

భవనం పూర్తయింది. మంచి భవనాలకు ఏటా బహుమతి ఇచ్చే కమిటీవారు చూడటానికి వచ్చారు. ఆ పూట పిల్లల్ని చుట్టుపక్కలకు రానివ్వలేదు, ఫొటోల్లో అడ్డొస్తారని. న్యాయనిర్ణేతలు తలుపులు తీసి చూశారు, హ్యాండిల్ చేతిలో ఒదిగిపోయింది. చేతులు కడుక్కున్నారు, వంగే పనే లేదు. బెంచీల్లో కూర్చున్నారు, కాళ్ళు హాయిగా నేలకు ఆనాయి. కిటికీలోంచి చూశారు, ఊరంతా కనిపించింది. "పిల్లల కోసం ఇంత శ్రద్ధగా ఆలోచించిన భవనం మేము చూడలేదు," అని రాసి, ఆ ఏటి ఉత్తమ బాలమిత్ర భవనంగా ప్రకటించారు. జ్ఞాపికను ఏడుపు మూల ఉండవలసిన చోట వచ్చిన బీరువాలో పెట్టారు. ఆర్కిటెక్టు వాళ్ళమ్మ ఇరుగుపొరుగుకు కబురు చెబుతూ, మావాడికి రెండు బహుమతులు వచ్చాయంది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే పేటంతా బడి ముందు చేరింది. పిల్లలు మందపాటి బూట్లు, నిలువు జుట్టు, పొడవుగా కుట్టించిన చొక్కాలతో వరుసలో నిలబడ్డారు. ఆర్కిటెక్టు భార్య డ్యూటీ చీరలో, భుజాన సంచితో, చేతి గడియారం వంక చూస్తూ పిచ్చుక చెయ్యి పట్టుకుని ఉంది. అధ్యక్షులవారు రిబ్బను కత్తిరించి మైకు అందుకున్నారు.

"ఈ భవనం మన పిల్లల ఎత్తుకు తగినది. కాబట్టి ఈ తలుపు తన చేతితో తానే తీసుకుని లోపలికి వెళ్ళగలిగిన ప్రతి బిడ్డా ఇందులో చేరడానికి అర్హుడే. సిఫార్సులు లేవు, పక్షపాతం లేదు. నిక్కచ్చి తూకం!"

చప్పట్లు. పళ్ళ డాక్టరమ్మ కొడుకు ముందుకు నడిచాడు. తలుపు ముందు నిలబడి, మెడ వెనక్కి వంచి హ్యాండిల్ కేసి చూశాడు. చందమామను చూసినట్టు. చెయ్యి చాపాడు. ఎగిరాడు. బూటు ఊడిపోయింది.

"నిన్న జ్వరం వచ్చింది. అందుకని కాస్త కుంగిపోయాడు," అంది తల్లి.

డ్రైవింగ్ స్కూలాయన కొడుకు పొద్దున టిఫిను తినలేదట. ఇంకో పిల్లకు కొత్త గౌను బిగుతట. ఒక పిల్లవాడికి ఇంట్లో తలుపులు ఎప్పుడూ పనివాళ్ళే తీస్తారట. ఇస్త్రీ షాపాయన కొడుకు కుర్చీ అడిగాడు. తండ్రి వాడి నోరు మూశాడు. వరుస మొత్తం అయిపోయింది. తలుపు మూసే ఉంది.

అధ్యక్షులవారు ఏమాత్రం చలించలేదు. "భవనం పూర్తయింది. పిల్లలు ఇంకా పూర్తికాలేదు. ఇందులో భవనం తప్పేమీ లేదు," అన్నారు. మనస్తత్వ నిపుణుడు కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నారు. "పిల్లలు భవనానికి సిద్ధమయ్యేందుకు వెంటనే ఒక ఎదుగుదల శిబిరం పెట్టాలి. అంతవరకు ఇంత మంచి బడి ఖాళీగా ఉంటే చూసేవాళ్ళకు బాగుండదు."

ఆ చివరి మాట అందరి మనసుల్లో గుచ్చుకుంది. చూసేవాళ్ళకు బాగుండకపోవడాన్ని మించిన ఆపద లేదు. అధ్యక్షులవారే హ్యాండిల్ తిప్పారు. తలుపు వెన్నలా తెరుచుకుంది. పిల్లల తరఫున తల్లిదండ్రులు లోపలికి వెళ్ళి కూర్చోవాలని తీర్మానించారు. ఎవరూ రెండోసారి పిలిపించుకోలేదు. సంచులు కొక్కేలకు తగిలించుకున్నారు, సరిగ్గా అందాయి. బెంచీలు సరిపోయాయి. గంట కొట్టారు, పాఠం మొదలైంది. కాసేపటికే కిటికీ పక్క చోటు కోసం డ్రైవింగ్ స్కూలాయన, మేస్త్రి తోసుకున్నారు. గోష్ఠి మందిరంలో అధ్యక్షులవారు చేతుల కుర్చీలో గురక పెట్టారు. పళ్ళ డాక్టరమ్మ తనను రెండో వరుసలో కూర్చోబెట్టారని మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవడానికి మూల లేకపోవడం వల్ల బీరువా ముందు నిలబడి ఏడ్చింది. ఆర్కిటెక్టు తల్లి అన్నిటికన్నా ముందు బెంచీలో కూర్చుని, టీచరు అడగకముందే చెయ్యెత్తుతోంది.

బయట పిల్లలు మిగిలారు. కాంట్రాక్టరు ఎత్తించడం మరిచిన ఇసుక కుప్ప ఒకటి గోడ పక్కన పడి ఉంది. ఆ ఆవరణ మొత్తంలో వాళ్ళ ఎత్తుకు తగింది అదొక్కటే. బూట్లు విప్పేసి అందులో దిగారు.

"నేనేమన్నాను?" అంది భార్య, గడియారం చూడటం మానేసి. "పిల్ల లోపలుండాలి అన్నాను. పిల్ల బయటుంది. మా అత్తగారు లోపలున్నారు."

ఆర్కిటెక్టు తలుపు హ్యాండిల్ వంక చూస్తున్నాడు. తను గీసిందే. దాని కింద ఎంత తలుపు ఉందో! ఇంత తలుపును ఏ చెయ్యీ తాకదు కదా అనుకున్నాడు. తలుపులో కింది భాగమంతా ఎవరికోసమూ లేదు. తన తల మీద జానెడు గాలి కూడా అలాంటిదే. అక్కడా ఎవరూ లేరు. లేని ఆ మనిషి కోసమే ఇన్నాళ్ళూ…

"నాన్నా," అంది పిచ్చుక. ఎప్పుడు వచ్చిందో ఇసుక కాళ్ళతో వచ్చి, తలుపు పక్కన మెరుస్తున్న తెల్లగోడకు వీపు ఆనించి నిలబడింది. "నేను ఎంతున్నాను?"

చెయ్యి అప్పటికే లేచింది. తొడ దాటింది. నడుం దగ్గరకొచ్చింది. అతను ఆ చేతిని చూశాడు. దాని కింద ఖాళీ. ఖాళీ కింద, ఇసుక రేణువులు అంటుకున్న జుట్టు. ఇంకా కింద, మెడ సాగదీసి, పళ్ళు బిగబట్టి, వణుకుతున్న మునివేళ్ళ మీద నిలబడిన పిల్ల.

అతను చెవి మీద నుంచి పెన్సిలు తీశాడు.

"ఏమండోయ్!" కిటికీలోంచి ఎవరో కేక పెట్టారు. "గేటు దగ్గర ఫలకం చదవలేదా? గోడ! గోడ మీద గీత పడితే మీ పాపకు ఈ జన్మలో సీటు రాదు!"

"ల్యాబులో నా కుర్చీ ఎలాగూ పోయినట్టే," అని భార్య సంచి మెట్టు మీద పెట్టి వచ్చి, పిల్ల రెండు భుజాలూ గోడకు సరిగ్గా ఆనించి పట్టుకుంది. "కదలకు."

లోపల పాఠం ఆగిపోయింది. ఎక్కడ గీస్తున్నాడో చూడాలని పేట మొత్తం కిటికీల దగ్గరకు ఎగబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, మునివేళ్ళ మీద లేచి నిలబడింది. ఇది చదువుతున్నవారు కూడా కొంచెం లేచే ఉంటారు.

"మడమలు దించమ్మా," అన్నాడు ఆర్కిటెక్టు.

"నాన్నమ్మ ఎత్తమంది."

"తెలుసు. దించు."

పిల్ల నమ్మకం లేనట్టు అతని మొహంలోకి చూసింది. తర్వాత ఒక మడమ దించింది. అతను ఏమీ అనలేదని చూసి రెండోది కూడా దించింది. పాదాలు నేలకు ఆనాయి. గట్టిగా ఊపిరి వదిలింది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని, పెన్సిలును అడ్డంగా పట్టుకుని, ఆ జానెడు గాలిలోంచి మెల్లగా కిందికి తెచ్చాడు. జుట్టు తగిలింది. జుట్టు అణిగి తల తగిలింది. అక్కడ గోడ మీద గీత గీశాడు.